వెనక గదిలో పెట్టిన బొట్లు

నా జీవితంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా భయపెట్టింది ఒక గొళ్లెం చప్పుడు. మా అన్న ఫోటో స్టూడియోకూ, దాని వెనకే ఉన్న మా ఇంటికీ మధ్య తలుపుకు ఉండేది అది. యుద్ధం రోజులు. జపాను విమానాలు వస్తాయని మద్రాసు జనం మూటలు సర్దుకుని, రైళ్లెక్కి మా తిరుపతికి వచ్చి పడ్డారు. సత్రాలన్నీ నిండిపోయాయి. ఊళ్లోవాళ్లు కూడా మాటిమాటికీ ఆకాశం వైపు చూసేవాళ్లు. నేను మాత్రం ఆ గొళ్లెం వైపు చూస్తూ కూర్చునేదాన్ని. బాంబు పడితే అందరం కలిసే పోతాం. ఆ తలుపు తెరుచుకుంటే నేనొక్కదాన్నే పోతాను.

ఆ తలుపుకు ఇవతల, వెనక గదిలో, నేను ఫోటోలకు రంగులు వేసేదాన్ని. అందులో భయపడాల్సింది ఏముందని మా ఇంట్లో పిల్లలు ఇప్పుడు అడుగుతారు. ఉంది. నేను విధవను. తెల్లకోక, బోసి నుదురు, బోసి చేతులు. మా అన్న దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి సగం కొత్తగా పెళ్లయినవాళ్లు. కొండ మీద తాళి కట్టించుకుని, దిగి వచ్చి, దండలు వాడకముందే ఫోటో తీయించుకునేవాళ్లు. ఆ పెళ్లికూతుళ్ల నుదుట ఎర్రగా బొట్టు పెట్టేది నేను. నిజం నుదుట కాదు, కాగితం మీది నుదుటే. అయినా బొట్టు బొట్టే. విధవ చేత్తో పెట్టిన బొట్టని ఒక్కరికి తెలిసినా మా అన్న స్టూడియోకు తాళం పడుతుంది. తాళం పడితే నేను మళ్లీ మా అత్తగారి ఊరికి పోవాలి.

ఆ ఊరు పుత్తూరుకు అవతల. కాపురానికి పోయిన ఏడాదికే ఆయన జ్వరంతో పోయాడు. ఆయన ముఖం నాకు సరిగ్గా గుర్తు లేదు. ఫోటోల అంగడివాళ్ల పిల్లనే చేసుకున్నా ఆయన ఒక్క ఫోటో కూడా తీయించుకోలేదు, అంత సిగ్గరి. ఆయన పోయాక ఆ ఇంట్లో నాకు ఒక పని పెట్టారు. ఎవరైనా ప్రయాణం బయల్దేరుతుంటే నేను రోటి వెనక్కి పోయి గోడ వైపు తిరిగి నిలబడాలి. బండి చప్పుడు దూరమయ్యేదాకా ఇటు తిరగకూడదు. వాళ్లా, సంతలకూ కోర్టులకూ తిరిగే మనుషులు. ఆ గోడకు సున్నం ఎక్కడెక్కడ పెచ్చులు లేచిందో ఇప్పటికీ చెప్పగలను. మా అన్న ఒకసారి నన్ను చూడడానికి వచ్చి, నేను ఆ గోడకేసి నిలబడి ఉండగా చూశాడు. నాలుగు రోజులు ఉంచుకుని పంపిస్తానని చెప్పి బండెక్కించాడు. మళ్లీ పంపలేదు.

అన్నకు చిన్నప్పుడు పెద్ద జ్వరం వచ్చి పోయినప్పటి నుంచి చేయి వణికేది. కెమెరాకు మూడు కాళ్లు ఉంటాయి కాబట్టి ఫోటో తీయడానికి ఇబ్బంది లేదు. కుంచెకు కాళ్లు ఉండవు కదా. అందుకే రంగుల పని నాకు నేర్పాడు. ఆ రంగులు ఒక చిన్న పుస్తకంలో వచ్చేవి. ఒక్కో ఆకుకు ఒక్కో రంగు దట్టంగా పూసి ఎండబెట్టి ఉంటుంది. కత్తెరతో గోరంత ముక్క కత్తిరించి, గిన్నెలో వేసి నీళ్లు పోస్తే రంగు దిగుతుంది. దాన్ని ఫోటో మీద అద్దితే, కాగితం పైన ఉండే జిగురు పొర పీల్చుకుంటుంది. ఒకసారి దిగిన రంగు ఇక తుడిస్తే పోదు.

మొదట నాకు చెట్లూ కుర్చీలూ పూలకుండీలూ ఇచ్చాడు. తర్వాత కోకలు, నగలు. బొట్టు దగ్గరికి మాత్రం రానిచ్చేవాడు కాదు. "బొట్టు జోలికి నువ్వు పోవద్దు పాపా. అది నేను పెడతా," అనేవాడు. అన్న పెట్టిన బొట్టు నలిగిన కందిపప్పులాగా ఉండేది. ఒక పెళ్లికూతురికి అది జారి ముక్కు మీదికి దిగింది. ఆ పిల్ల నాయన అంగట్లో నిలబడి నానా మాటలూ అనిపోయాడు. ఆ సాయంత్రం వదిన ఇంకో ఫోటో తెచ్చి నా ముందు పెట్టింది.

"నువ్వే పెట్టు పాపా. యెవురికి తెలుస్తాది? మీయన్నకు నేను చెప్తాలే."

వదినకు నా మీద కరుణ పుట్టి కాదు, అంగడి సాగాలి. అయినా ఆ మాట అన్నది ఆమె ఒక్కతే. నేను కుంచె ముంచి, ఊపిరి బిగబట్టి పెట్టాను. గుండ్రంగా, నిండుగా వచ్చింది. ఆ ఎరుపును వెలుతురుకు పెట్టి మళ్లీ మళ్లీ చూసుకున్నాను. సంతోషమే, కాదనను. ఆ వెంటనే ఒళ్లు చల్లబడింది.

ఎందుకంటే, పైకి ఎన్ని చెప్పినా, విధవ చేయి మంచిది కాదని నమ్మేవాళ్లలో నేను కూడా ఒకదాన్నే. ఆ గోడ వైపు తిరిగి నిలబడి వచ్చినదాన్ని. నా చేతిలో ఏదో ఉందేమో, ఆ బొట్టు దాటి ఆ పిల్ల మొగుడికి తగులుతుందేమో అని అనుమానం. పగలంతా బొట్లు పెట్టేదాన్ని, సాయంత్రం వదినను పట్టుకుని, మొన్న ఫోటో తీయించుకున్న బట్టల అంగడి వాళ్ల కోడలు బాగుందా, వాళ్లాయన బాగున్నాడా అని అడిగేదాన్ని. వదినకు విసుగు. "ఊరి మొగోళ్లందరి బాగోగులు నీకేంటికి మే?" అనేది. ఆమెకు నవ్వులాటగా ఉండేది. నాకు అన్నం దిగేది కాదు.

అంత భయం ఉన్నదాన్ని ఊరుకున్నానా అంటే ఊరుకోలేదు. అదొక తిక్క నాకు. మా ఊళ్లో ఆడవాళ్లు కూడా కొండ మీద తలనీలాలు ఇచ్చి వస్తారు. నున్నటి గుండ్లతో వరసగా కూర్చున్న ఆడవాళ్ల ఫోటో నలుపు తెలుపుల్లో నా ముందుకు వచ్చినప్పుడు, వాళ్లలో ఎవరు ముత్తైదువో ఎవరు కాదో చెప్పడం కష్టమయ్యేది. అందరూ ఒక్కటే. నేను రంగు వేసినాక వేరయిపోయేవాళ్లు. అది నాకు నచ్చేది కాదు. కుటుంబాల ఫోటోల్లో ఒక మూలన తెల్లకోకతో ఒకామె ఉంటుంది, మేనత్తో, పెద్దమ్మో. ఆమెను రంగు లేకుండా వదిలేయడం పద్ధతి. నేను వదిలేసేదాన్ని కాదు. గులాబీ రంగును నీళ్లలో బాగా పలచన చేసి, ఉందో లేదో తెలియనంతగా ఆ తెల్లకోక మీద ఒక్క పూత పూసేదాన్ని. చెంపలకు కొంచెం. ఫోటో చూసినవాళ్లు, ఈ పెద్దమ్మ ఎంత కళగా పడిందో చూడండి అని ముచ్చటపడేవాళ్లు. ఎందుకో ఎవరికీ అంతుబట్టేది కాదు. నేను తలుపు వెనక నిలబడి వినేదాన్ని. ఎప్పుడో ఒకసారి ఎవరో ఒకరు కనిపెట్టేస్తారని తెలుసు. అయినా మరుసటి ఫోటోలో మళ్లీ అదే పని.

యుద్ధం ముదిరేకొద్దీ మద్రాసు నుంచి రంగుల పుస్తకాలు రావడం ఆగిపోయింది. ఉన్నదాన్ని పొదుపుగా వాడుకోవాలి. కుంచెను నీళ్లలో కడిగితే రంగంతా పోతుంది. అందుకని కుంచె మొనను పెదాల మధ్య పెట్టి సన్నగా లాగేదాన్ని. మొన సూదిలాగా వస్తుంది, రంగూ దండగ కాదు. ఈ పని చేసేవాళ్లందరికీ ఉండే అలవాటే. కాకపోతే వాళ్లు పని అయ్యాక అద్దంలో చూసుకుని మూతి తుడుచుకుంటారు. నాకు అద్దం లేదు. విధవకు అద్దమెందుకని మా ఇంట్లో ఉన్న ఒక్క అద్దాన్నీ వదిన గదిలో తగిలించారు.

ఏర్పేడు పక్క పల్లె నుంచి ఒక పెద్దామె కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. సేద్యం చేసుకునే కుటుంబం. కొడుకు మిలిటరీలో ఉన్నాడు. వాళ్ల పటాలాన్ని బర్మా వైపు పంపుతున్నారట, రైలు రేణిగుంటలో ఆగుతుందని కబురు వచ్చింది. ఆగినప్పుడు పెండ్లాం ఫోటో వాడి చేతికి అందివ్వాలని ముసలామె పట్టుదల. రంగుల ఫోటోనే కావాలంది. మర్నాడు మధ్యాహ్నానికి ఇస్తానని అన్న ఒప్పుకున్నాడు.

ఆ కోడలు నా కంటే చిన్నది. చామనచాయ. కోడలిని తెల్లగా చేయమని ముసలామె అన్నకు మరీ మరీ చెప్పిపోయింది. నేను చేయలేదు. ఆ పిల్ల ఉన్న రంగు ఉన్నట్టే ఉంచాను. మొగుడు అంత దూరంలో, ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఈ కాగితం తీసి చూసుకుంటే అతనికి తన పెండ్లాం కనపడాలి కదా, ఇంకెవరో కాదు. కోకకు చిలకపచ్చ వేశాను. చివరికి బొట్టు మిగిలింది. ఆ బొట్టు పెట్టడానికి నాకు చేయి రాలేదు. మామూలు పెళ్లికూతుళ్ల మొగుళ్లు బజారుకో పొలానికో పోతారు. ఈమె మొగుడు తుపాకుల ముందుకు పోతున్నాడు. అన్నను పెట్టమందామా అంటే, అన్న పెడితే ముక్కు మీదికి జారుతుంది. కళ్లు మూసుకుని దండం పెట్టుకుని, కుంచె మొన పెదాల మధ్య లాగి, పెట్టేశాను. సరిపోలేదని మళ్లీ లాగి, మళ్లీ అద్దాను. మంచి బొట్టు. నేను పెట్టినవాటిలో అంత మంచిది లేదు.

అది ఆరుతుండగా గొళ్లెం చప్పుడయింది.

వదిన కుళాయి దగ్గరికి పోయింది. అన్న చీకటి గదిలో ఫోటోలు కడుగుతున్నాడు. ఫోటో కోసం ముందే వచ్చి కూర్చున్న ముసలామె దాహమై, అడిగేవాళ్లు లేక, తనే తలుపు తీసుకుని ఇంట్లోకి వచ్చేసింది. నేను వెనక గది తలుపు దగ్గరికి వేసి, గబగబా ముందుకు వచ్చాను.

"తాగేదానికి రోన్ని నీళ్లు ఇస్తావా మే?"

చెంబుతో తెచ్చి ఇచ్చాను. ఆమె ఎత్తి తాగుతోంది.

"ఇంకా కావాల్నా పెద్దమ్మా?" అన్నాను. నేను నోరు తెరిచింది ఆ ఒక్క మాటకే.

చెంబు సగంలో ఆగిపోయింది. ఆమె నా తెల్లకోక చూసింది, నుదురు చూసింది, మళ్లీ నా నోరు చూసింది.

"యేమ్మే. ఆకూవక్కా యేసుకున్నావా?"

పెదాల మీద వేలు పెట్టి చూసుకున్నాను. వేలికి ఎర్రగా అంటింది. అప్పుడు తెలిసింది నాకు. నాలుక కూడా అట్లాగే ఉండి ఉంటుంది.  మా ఇళ్లలో విధవ తాంబూలం వేసుకోవడమంటే బరితెగించడమే. కాదు పెద్దమ్మా, ఇది మీ కోడలి బొట్టు రంగు అని నిజం చెప్పేద్దామా? చెబితే ఆ ఫోటో అక్కడే చింపేస్తుంది, వీధిలో నిలబడి అరుస్తుంది, సాయంత్రానికి అంగడి మూత. అన్న, వదిన, వాళ్ల పిల్లలు వీధిన పడతారు. అబద్ధం చెబితే పోయేది నేనొక్కదాన్నే.

"అవును పెద్దమ్మా, యేసుకున్నా," అన్నాను.

ఆమె మిగిలిన నీళ్లు గడప అవతల పారబోసింది. "తెల్లకోక కట్టుకోని నోరు పండించుకుంటావా? నీ మాదిరోళ్లు ఉండబట్టే వానలు పడకుండా పోతా ఉండేది. తూ!" అంది. చెంబు నా చేతికి ఇవ్వకుండా నేల మీద పెట్టి అంగట్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి అన్న వెనక గదిలోకి వచ్చి, ఆరీ ఆరని ఫోటో తీసుకుపోయి ఆమెకు ఇచ్చాడు. ఎంత బాగుండాదో సూడు, బొట్టు దిద్దినట్టు ఉండాది అని ఆమె మెచ్చుకోవడం నాకు వినిపించింది. నేను నీళ్ల తొట్టి దగ్గర కూర్చుని ఇసకతో పెదాలు రుద్దుకుంటున్నాను.

ఆమె నోరు ఊరుకోలేదు. మా వీధిలో వాళ్ల చుట్టాలు ఉన్నారు. కుళాయి దగ్గర వదినను చుట్టుముట్టి అడిగారు. వదిన ఇంటికొచ్చి బిందె దబ్బున దించింది. "ఆకూవక్కా అని ఏంటికి ఒప్పుకున్నావు? దెబ్బ తగిలిందనో, పంటి నుంచి రగతం వచ్చిందనో చెప్పకూడదా?" అని ఏడ్చింది. నిజమే. నాకు ఆ క్షణంలో తోచలేదు. భయం వేసినప్పుడు తెలివి పనిచేస్తే ఇంక దాన్ని భయమని ఎందుకంటారు.

మాట పుత్తూరు దాటి మా అత్తగారి ఊరికీ పోయింది. మా బావ, అంటే మా ఆయన అన్న, తిరుపతికి వచ్చాడు. ఇంట్లోకి రాలేదు, అరుగు మీదే కూర్చున్నాడు.

"మా ఇంటి పేరు పెట్టుకోని బజార్లో నోరు పండించుకుంటా ఉంటే సూస్తా ఉండేదానికి మేము సచ్చినామా అప్పా? శెనక్కాయ పెరికేది కాగానే బండి తోలుకోని వస్తా. పంపించు. ఇంక యెప్పుడూ బయటికి కనపడనీము," అన్నాడు అన్నతో.

అన్న తల వంచుకుని, సరేనన్నాడు. ఏమని కాదంటాడు? కాదంటే నిజం చెప్పాలి. ఆ తర్వాత అన్న నాతో సరిగ్గా మాట్లాడలేదు. కోపంతో కాదు, ముఖం చూడలేక. నేను రోటి వెనక గోడ గురించే ఆలోచించేదాన్ని. అక్కడికి పోతే చచ్చిపోను. తిండి పెడతారు. కానీ కళ్ల ముందు సున్నం తప్ప ఇంకో రంగు ఉండదు. 

దాని మీద ఇంకో భయం. ఆ పల్లె నుంచే ఒకామె మా వీధికి ఆకుకూరలు తెచ్చేది. కొడుకు దగ్గరి నుంచి కబురే లేదని, ముసలామె తిండి మానేసి మొక్కులు మొక్కుతోందని చెప్పింది. మళ్లీ వచ్చినప్పుడూ అదే మాట. బర్మాలో మనవాళ్లు చెదిరిపోయి అడవుల్లో పడి నడిచి వస్తున్నారని ఊళ్లో చెప్పుకుంటున్నారు. నేను వదినకు కూడా చెప్పుకోలేదు. అతను పోతే నేనే చంపినట్టు. ఎవరికీ తెలియదు, నాకు తెలుసు.  అప్పటికీ పెళ్లికూతుళ్లు వస్తూనే ఉన్నారు. పోయేలోపల ఉన్నవన్నీ చేసిపెట్టి పొమ్మని వదిన నా ముందు పేర్చేది.

వేరుశెనగ పెరకడం మొదలైందని విన్న రోజుల్లోనే, ఒక పొద్దున అంగట్లో ఆ ముసలామె గొంతు వినిపించింది. స్టూడియోలో వెనక వేలాడే తెర ఒకటి ఉండేది, స్తంభాలూ మెట్లూ తోటా గీసిన గుడ్డ. దాని పక్కన సందులో నుంచి చూశాను. ముసలామె ఉంది, కోడలు ఉంది. ముందు ఆ పిల్ల నుదురు వెతికాను. బొట్టు ఉంది! తెర పట్టుకున్నాను. అప్పుడు కనిపించాడు అతను. చిక్కి సగమయ్యాడు, ఒక చేతికి కట్టు.

"ఇరిగిన చేతికి మిలిటరీ డాక్టర్లు యేందో సున్నం కట్టు కట్టినారు నాయనా. అది యెవురికి కావల్ల? దాన్ని పీకించి పుత్తూరు కట్టు కట్టించినా," అంటోంది ముసలామె. కొడుకు జేబులోంచి ఒక ఫోటో తీసి ఆమె చేతికిచ్చాడు. అంచులు నలిగాయి, ఒక మూల చిరిగింది. బొట్టు మాత్రం చెక్కు చెదరలేదు. ఆమె దాన్ని కళ్లకద్దుకుంది.

"ఈ బొట్టే నాయనా నా బిడ్డను తోలుకోని వచ్చినాది. పెట్టిన చెయ్యి మంచి చెయ్యి. యెవురిది?"

అన్న తన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నేనే పెట్టినానమ్మా."

"అయితే ఇప్పుడు ఇద్దురికీ కలిపి తియ్యి. వాడు మళ్లా పోవల్ల. ఈ తూరి బొట్టు నా కండ్ల ముందర పెట్టు. నేను సూడల్ల."

మర్నాడు మళ్లీ వచ్చారు. మిగతా రంగులన్నీ నేను ముందే వేసి ఉంచాను, బొట్టు ఒక్కటే మిగిలింది. అన్న స్టూడియోలో బల్ల ముందు కూర్చున్నాడు. ముసలామె అతని భుజం మీదుగా వంగి నిలబడింది. నేను తెర వెనక. అన్న కుంచె ముంచాడు. చేయి వణకడం మొదలైంది. ఎక్కువ రంగు తీసుకున్నాడు. కుంచె చివర ఎర్రటి చుక్క ఉబ్బి వేలాడుతోంది. దాని కింద, ఫోటోలో, పెండ్లాం నుదురు కాదు, ఆ అబ్బాయి రొమ్ము. ఆ చుక్క అక్కడ పడితే ఇక పోదు. పడితే ఆ తల్లి కళ్లకు అది దేనిలా కనిపిస్తుందో నాకు తెలుసు.

నేను తెర తోసుకుని బయటికి వచ్చాను. అన్న మణికట్టు పట్టుకుని పక్కకు లాగాను. చుక్క బల్ల మీద పడింది. కుంచె నా చేతిలోకి తీసుకున్నాను, అలవాటు కొద్దీ మొనను పెదాల మధ్య పెట్టి లాగాను. లాగాక గానీ ఏం చేశానో తెలియలేదు.

ముసలామె నా నోటి వైపు చూస్తోంది.

"ఆ పొద్దు..." అంది.

"ఆకూవక్కా గాదు పెద్దమ్మా. ఇదే," అన్నాను. "ఆ బొట్టు పెట్టింది నేనే."

  ముసలామె కొడుకు చేతిలోని పాత ఫోటో లాక్కుంది. కొంగు కొన నోట్లో తడిపి ఆ బొట్టు మీద పెట్టి రుద్దబోయింది. కోడలు కెవ్వుమంది. "అత్తా! తుడస్తావా?" అంటూ తన నుదుటిని తన చేత్తో మూసుకుంది.

ముసలామె చేయి ఆగిపోయింది. కోడలి బొట్టు అత్త చేత్తో తుడిచే సందర్భం ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. ఫోటో అవతల పారేయలేదు, దగ్గర పెట్టుకోలేదు.  ఎన్నాళ్లుగానో నా ఒక్కదాని కడుపులో ఉన్న భయం అప్పుడు ఆమె ముఖంలో కనిపించింది. నాకు జాలి వేసింది. కొంచెం కసి కూడా తీరింది, అబద్ధమెందుకు చెప్పాలి.

ఆమె బల్ల మీది కొత్త ఫోటోను నా వైపు జరిపింది.

"పెట్టు," అంది.

"నాకు భయంగా ఉండాది పెద్దమ్మా."

"నాకు లేదా? చెయ్యి మారిస్తే ఏమవుతాదో అని ఇంకా భయంగా ఉండాది. నువ్వే పెట్టు. యెవురికీ చెప్పొద్దు. మా ఊళ్లో తెలిస్తే నేను తలెత్తుకోలేను."

నా చేయి ఎప్పుడూ వణికింది లేదు. ఆ రోజు వణికింది. ఆమె తన చేత్తో నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఇద్దరం కలిసి పెట్టాం ఆ బొట్టు. ఒక పక్కకు కొంచెం ఒరిగింది.

పోతూ పోతూ ఆమె గుమ్మం దగ్గర ఆగి అన్నతో చెప్పింది. "ఈయమ్మిని ఊరికి పంపిస్తా ఉండావంట గదా. యాడికీ పంపొద్దు నాయనా. నా బిడ్డ తిరిగొచ్చేదాకా ఈ చెయ్యి ఈడే ఉండల్ల. ఆకూవక్కా మాట నేనే పుట్టించినా, అబద్ధమని నేనే చెప్తా. అడిగేదానికి యెవురొస్తారో రానీ." నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

చెప్పిన ప్రకారమే బావ బండి తోలుకుని వచ్చాడు, ఖాళీ బండితో తిరిగి పోయాడు. నేను వెనక గదిలోనే ఉండిపోయాను. నన్ను ఎవరూ ప్రేమతో ఉంచుకోలేదు. ఆ మిలిటరీ అబ్బాయి తిరిగొస్తే నా చేయి మంచిదని ఉంచుకున్నట్టు, రాకపోతే ఏమిటో ఎవరూ పైకి అనలేదు, నాకు మాత్రం తెలుసు. ఆ అబ్బాయి యుద్ధం ముగిశాక నిక్షేపంగా ఇంటికి వచ్చాడు, కానీ అది చాలా తర్వాతి సంగతి. చెయ్యి అతుక్కున్నాక అతను మళ్లీ రేణిగుంటలో రైలెక్కిన రోజున నాకేం తెలుసు? వదిన గదిలోకి పోయి తలుపు వేసుకుని, పేరైనా తెలియని ఆ పరాయి మగవాడు బతకాలని గోడకు తల కొట్టుకుని మొక్కుకున్నాను. మా ఆయన జ్వరంతో పడి ఉన్నప్పుడు కూడా నేను అంతగా మొక్కుకోలేదు.